కళ్లంలో మట్టి కుప్పలు

నేను చదివింది రాళ్ల చదువు. తెనాలిలో మా వీధివాళ్లకు ఆ సంగతి ఎంత చెప్పినా తలకెక్కేది కాదు. "రాళ్లు చదవడమేంటమ్మా, వాటి మీద ఏవన్నా రాసుంటుందా?" అని ఎదురింటి పిన్నిగారు అడిగేవారు. ఉంటుందండి, అనేదాన్ని. ఆవిడ మా అమ్మ వైపు జాలిగా చూసేవారు. పందొమ్మిదివందల అరవైల్లో ఒక రైతు ఇంటి ఆడపిల్ల సుత్తి పట్టుకుని కొండల వెంట తిరిగొచ్చిందంటే మా వీధికి నెల రోజుల కాలక్షేపం. మా నాన్న మాత్రం "దాని కాళ్లు, దాని సుత్తి, మీకేంటి నొప్పి?" అనేవాడు. కోపం నా ముక్కు మీద ఉంటుందని అందరూ అంటారు గానీ అది ఎవరి ముక్కు మీంచి దిగొచ్చిందో ఎవరూ అనరు.

చదువుకునేటప్పుడు మేం ముఖ్యంగా చూసినవి ఇసుకరాళ్లు, బురదరాళ్లు. మనిషి పుట్టక ముందెప్పుడో పారిన నదులు మోసుకొచ్చి పడేసిన ఇసుకా, ఒండ్రూ గట్టిపడి రాళ్లయినవి. కొండ పక్కన కోత పడ్డ చోట ఆ పొరలు ఒకదాని మీద ఒకటి బయటికి కనిపిస్తాయి. మా మేష్టారు మమ్మల్ని ఎండలో నిలబెట్టి ఎప్పుడూ ఒకటే ప్రశ్న వేసేవారు. ఇక్కడ అప్పుడు ఏముండేది? నదా, చెరువా, సముద్రమా? గుడ్డిగా చెప్పినవాళ్లకు మధ్యాహ్నం దాకా నీడ దొరికేది కాదు.

ఆయన నేర్పింది చెప్పుకుంటే చాలా తేలిక. నది ఒక చోటికి కొత్తగా వచ్చినప్పుడు ఊపు మీద ఉంటుంది, గులకరాళ్లూ ముతక ఇసుకా అడుగున పడేస్తుంది. తర్వాత మెల్లగా పక్కకు జరుగుతుంటే నీటిలో బలం తగ్గి సన్న ఇసుక దిగుతుంది. ఆఖరికి వరదలప్పుడు మాత్రమే అక్కడికి నీళ్లెక్కుతాయి, అవి ఒండ్రు మిగిల్చి పోతాయి. అంటే అడుగున ముతక, పైకి వచ్చే కొద్దీ సన్నం. సముద్రపు ఒడ్డుది దీనికి తలకిందుల వ్యవహారం. ముందు లోతు నీళ్లలో మెత్తటి బురద పడుతుంది, ఒడ్డు ముందుకు జరిగే కొద్దీ దాని మీద సన్న ఇసుక, ఆ పైన అలలు కడిగిన ముతక ఇసుక చేరతాయి. ఈ రెండూ గుర్తుంటే సగం చదువు అయిపోయినట్టే. మిగతా సగం ఎండలో నిలబడటం.

చదువు పూర్తయ్యాక బాపట్లలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పడానికి కుదిరాను. బాపట్లలో రాళ్లెక్కడివి? ఎటు చూసినా ఇసుకా, వరి పొలాలూ. అయినా చేతులు ఊరుకోవు కదా. ఎక్కడ బావి తవ్వుతున్నారన్నా, ఎక్కడ బోరు దించుతున్నారన్నా వెళ్లి ఆ మట్టి చూసొచ్చేదాన్ని. అదీ ఇదీ ఒకటే చదువు, ఇంకా రాయి కాలేదంతే. అలా తిరగ్గా తిరగ్గా నాకొక అనుమానం బలపడింది. కృష్ణ ఎప్పుడూ ఇప్పుడున్న చోటే లేదు. పాతకాలంలో ఒక పాయ రేపల్లెకు దిగువన ఇటుగా పారి ఉండాలి. ఆ తర్వాత సముద్రం మీదకొచ్చి దాన్ని తన నల్లబురదతో కప్పేసి ఉండాలి. ఆ బురద కింద నది ఇసుక ఇంకా ఉంటే, అందులో తియ్యటి నీళ్లు ఉండాలి.

అలా ఉండాలని నాకంటే గట్టిగా కోరుకున్న మనిషి మా అక్క.

అక్కను ఇచ్చిన ఊరు రేపల్లె దాటి సముద్రం వైపు వెళితే వస్తుంది. వరి బాగా పండే ఊరు, తాగడానికి మాత్రం నీళ్లు లేని ఊరు. ఎవరి దొడ్లో బోరు వేసినా ఉప్పే. కాలవ పారినన్నాళ్లూ చెరువు నిండుగా ఉంటుంది. ఎండాకాలం కాలవలు కట్టేస్తే చెరువు పచ్చబడి, అడుగంటి, పశువులూ మనుషులూ ఒకే నీళ్లు తాగేవాళ్లు. ఉన్నవాళ్లు భట్టిప్రోలు వైపు బండి కట్టి పీపాలతో తెచ్చుకునేవాళ్లు. బండి రాని రోజు చెరువే దిక్కు.

అలాంటి ఒక రోజునే అక్క కొడుకు పోయాడు. పాకే పిల్లవాడు. పొద్దున వాంతులు మొదలయ్యాయి, రేపల్లె ఆసుపత్రికి బండి చేరేసరికే వాడిలో ఏమీ లేదు. సెలవులకి తెనాలిలో ఉన్న నేను రైల్లో వెళ్లేసరికి అంతా అయిపోయింది. అక్క ఏడవడం లేదు. వంటింట్లో కూర్చుని నీళ్లబిందె వైపు చూస్తోంది.

తర్వాతి సంవత్సరం మళ్లీ నెల తప్పింది. అయిదో నెలలో నన్ను చూడ్డానికి బాపట్ల వచ్చి, నేను పెట్టిన కాఫీ ముట్టుకోకుండా అడిగింది.

"వచ్చే ఎండాకాలానికి ఈ బిడ్డా పాకుతూ ఉంటదే. మా దొడ్లో తియ్యటి నీళ్లు పడతయ్యా, పడవా? నీ చదువేం చెబుతుంది?"

"పడొచ్చక్కా."

"పడొచ్చంటే?"

"లోతుకెళితే పడొచ్చు. అందరూ నల్లబురద రాగానే ఆపేస్తున్నారు. దాని కింద చూడాలి."

ఆ మాట పట్టుకుని వెళ్లి అక్క బావని ఒప్పించింది. వాళ్ల అత్తగారు మాత్రం ఒప్పుకోలేదు. "కందకి లేని దురద కత్తిపీటకెందుకు? ఊరంతా తాగే నీళ్లే మనమూ తాగుతున్నాం" అందావిడ. చెడ్డ మనిషని అనను. ఎనిమిదిమందిని కని నలుగుర్ని దక్కించుకున్న మనిషి, బిడ్డలు పోవడాన్ని ఎండా వానా లాగే చూసేది. బావ ఇద్దరి మధ్యా నలిగి, ఆఖరికి ఒక మాట మీద నిలబడ్డాడు. వేసేది ఒక్క బోరు. ఉప్పు పడితే ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ బోరు మాట ఎత్తకూడదు. అక్క సరేనంది.

బోరు మేస్త్రిని కుదిర్చినప్పుడు నేను వెళ్లి చెప్పవలసింది చెప్పొచ్చాను. అప్పట్లో చేత్తోనే వేసేవాళ్లు. మూడు కర్రల గుర్రం నిలబెట్టి, లావాటి ఇనపగొట్టాన్ని మనుషులు గానుగెద్దుల్లా చుట్టూ తిరుగుతూ భూమిలోకి దించుతారు. అడుగున తలుపున్న ఇంకో సన్న గొట్టాన్ని తాడుతో లోపలికి వదిలి, మట్టి మెత్తబడటానికి పైనుంచి నీళ్లు పోస్తూ, దాన్ని పైకి తోడతారు. ఆ మట్టి ఒక్క దోసెడు కూడా పారెయ్యొద్దని, తోడినప్పుడల్లా ఒక కుప్పగా ఇంటి వెనక కళ్లంలో వరసగా పోయించమని చెప్పాను. కుప్పలు పోసే పని బావ తన పాలేరుకి అప్పగించాడు. నమ్మకస్తుడు, ఆ ఇంట్లోనే నాగలి పట్టి నడివయసుకొచ్చినవాడు.

నేను దగ్గరుండాలని అనుకున్నాను గానీ కాలేజీలో పరీక్షలు. ఒక్క పూట కూడా సెలవివ్వలేదు. తీరా పరీక్షలు ముగిసి, బాపట్లలో రైలెక్కి, తెనాలిలో మారి, రేపల్లెలో దిగి, జట్కాలో ఆ ఊరు చేరేసరికి బోరు చాలా లోతుకి పోయింది. కళ్లంలో మూడు వరసల కుప్పలు ఎండుతున్నాయి. నాకంటే ముందు ఊళ్లో సగం మంది అక్కడికి చేరుకున్నారు.

"రా మరదలా, వచ్చి నీ శాస్త్రం చెప్పు. మేస్త్రి గొట్టాలు ఇవాళే పీకాలంటున్నాడు" అన్నాడు బావ.

మేస్త్రి తొందరకు కారణముంది. ఇసుకలోకి దిగిన గొట్టాన్ని తిప్పకుండా వదిలేస్తే ఇసుక పట్టేస్తుంది, ఇక కిందికీ దిగదు, పైకీ రాదు. ఏ లోతులో నీళ్లు తీసుకోవాలో చెబితే అక్కడ జల్లెడగొట్టం దించి బయటి గొట్టం పీకేస్తాడు. తియ్యటి నీళ్లు లేవంటే అన్నీ పీక్కుని పోతాడు. పొద్దు వాలే లోపు ఏదో ఒకటి తేల్చమన్నాడు.

చెప్పులు విడిచి కుప్పల మధ్యకు వెళ్లాను. మొదటి వరస ఎడమ చివర నల్లరేగడి, గడ్డి వేళ్లతో సహా ఉంది. తర్వాత గోధుమరంగు మట్టి, సన్న ఇసుక. ఆ ఇసుక చిటికెడు నాలుక మీద వేసుకుంటే ఉప్పు. వరస కుడి చివర నీలం కలిసిన నల్లబురద, అందులో చితికిన చిప్పలు, కుళ్లిన వాసన. సముద్రం. ఇంత వరకూ నేను అనుకున్నదే. రెండో వరస ఎడమ చివరికి వచ్చి కూర్చున్నాను.

అక్కడ గులకలు కలిసిన ముతక ఇసుక ఉంది. దాని పక్కన కొంచెం సన్నం. ఆ పక్కన ఇంకా సన్నం. ఆ తర్వాత పసుపు ఒండ్రు. మళ్లీ చివర నల్లబురద. మూడో వరసా అలాగే గులకలతో మొదలైంది.

పైన ముతక, కిందికి పోయే కొద్దీ సన్నం, అడుగున బురద. ఎండలో నిలబెట్టి నేర్పించిన పాఠం ప్రకారం అది నది కాదు, ఒడ్డు. సముద్రపు ఇసుక. మళ్లీ మొదట్నించి చూశాను. ప్రతి కుప్పా అరచేతిలో వేసుకుని నలిపి చూశాను. ఒక్క విషయం మాత్రం పొసగలేదు. ఒడ్డు ఇసుకైతే గవ్వ ముక్కలుండాలి, ఇందులో ఒక్కటీ లేదు. గవ్వ లేనంత మాత్రాన సముద్రం నది అయిపోతుందా అని నన్ను నేనే కసురుకున్నాను. ఆశ కళ్లతో చూస్తే ఏదైనా కనిపిస్తుంది, అందుకే ఆ కళ్లను నమ్మకూడదని మాకు నేర్పారు.

అక్క వసారాలో గుంజ పట్టుకుని నిలబడి నన్నే చూస్తోంది.

"ఏంటే?" అంది.

"సముద్రపు ఇసుకే అక్కా. ఉప్పే ఉంటుంది."

అంతమందిలో ఆ మాట అనడం నాకు ప్రాణం పోయినంత పనైంది. అక్క కొంగు కప్పుకుని గుంజకి అలాగే ఆనుకుంది. "అయిందా? కొండను తవ్వి ఎలకను పట్టారు" అంది వాళ్ల అత్తగారు, అదీ మెల్లగానే. బావ నా వైపు చూడకుండా మేస్త్రితో "పీకేయండి" అన్నాడు. జనం కదిలారు. ఒకాయన పోతూ పోతూ "ఆడవాళ్ల చదువులు" అని ఏదో అంటే తిరిగి అతణ్ని ఏమీ అనలేకపోయాను. జీవితంలో నేను ఊరుకున్న సందర్భాలు తక్కువ, అది ఒకటి.

మేస్త్రి మనుషులు తాడు మీద ఉన్న చివరి మట్టిని పైకి లాగారు. పాలేరు అలవాటుగా దాన్ని గంపలో పట్టుకుని కళ్లంలోకి వచ్చాడు. ఇంక దీనితో పనేముందని చెప్పబోయి ఆగాను. మూడో వరస కుడి చివర నిండిపోయింది. నాలుగో వరస మొదలుపెట్టాలి. అతను ఎడమ చివరికి వెళ్లలేదు. నిలబడ్డ చోటే, కుడి చివరే, ఒక అడుగు ఇవతలికి జరిగి గంప బోర్లించాడు.

నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు.

"ఏం బాబాయ్, అక్కడ పోశావేం?"

"ఎక్కడ పొయ్యాలమ్మా మరి?"

"వరస మొదలు అటు కదా!"

"మొదలు అటేనండి, మొదటి సాలుకి. సాలు చివరికొచ్చాక మళ్లీ ఆ కొసకి వట్టి ఎద్దుల్ని తోలుకెళ్లి ఎవరు దున్నుతారమ్మా? తిరిగిన కాడి నించే దున్నుకొస్తాం. ఇదీ అంతే పోశా."

"రెండో వరస కూడానా?"

"అన్నీ అంతేనండి. తప్పా?"

తప్పు కాదు. పొలం దున్నే మనిషి వరస అంటే అలాగే పోతాడు. పుస్తకం చదివే మనిషి వరస అంటే ప్రతిసారీ ఎడమ నుంచి మొదలు పెడుతుంది. వరసగా పోయించమని చెప్పిన మనిషినీ నేనే, అతనికది ఎలా వినిపిస్తుందో ఆలోచించనిదాన్నీ నేనే. పరుగున వెళ్లి కుప్పల కొసలు చూశాను. మొదటి వరస కుడి చివరి నల్లబురదా, రెండో వరస కుడి చివరి నల్లబురదా ఒకటే, అదే చిప్పలు, అదే వాసన. రెండో వరస ఎడమ చివరి గులకలే మూడో వరస ఎడమ చివరా ఉన్నాయి. ఎదురుగానే ఉంది. కుడి నుంచి చదవాలి. నల్లబురద కింద పసుపు ఒండ్రు, దాని కింద సన్న ఇసుక, కింద ఇంకా ముతక, అడుగున గులకలు. సముద్రం కింద నది!

"ఆపండి! పీకొద్దు!" అని అరిచాను. నా గొంతు నాకే వింతగా వినిపించింది.

అప్పటికే గొట్టానికి గొలుసు వేసి పైకి లేపుతున్నారు. మేస్త్రి చెయ్యెత్తి ఆపించాడు గానీ మొహం చిట్లించాడు. బావకి నేను గబగబా చెప్పాను, కుప్పలు చూపించాను, సాలు మాట చెప్పాను. ఆయన విన్నాడు. విని, చాలా నెమ్మదిగా అన్నాడు.

"ఇందాక ఉప్పన్నావు. ఇప్పుడు తియ్యన అంటున్నావు. పూటకో మాటైతే ఎట్లా అమ్మా? మీ అక్క మొహం చూసి మాట మారుస్తున్నావేమో."

అది నాకు తగలవలసిన చోటే తగిలింది. నేను మాట మార్చలేదని ఎలా నిరూపించను? నిజంగానే నది ఇసుక అని తేలినా, అందులోకి ఏదో సందులోంచి ఉప్పు దిగి ఉండొచ్చు. ఖచ్చితంగా చెప్పమంటే చెప్పలేను. ఉన్న మాటే చెప్పాను. నది అన్నది ఖాయం, నీళ్లు తియ్యగా ఉండాలి, ఉంటాయని ప్రమాణం చెయ్యలేను.

"గొట్టం పట్టేస్తుందండీ, ఏదో ఒకటి చెప్పండి" అన్నాడు మేస్త్రి.

అక్క వసారా దిగి వచ్చింది. పెద్దవాళ్ల ముందు ఎప్పుడూ గొంతెత్తని మనిషి. మేస్త్రి ఎదురుగా నిలబడింది.

"దించండి. మా చెల్లెలు చెప్పిన లోతులోనే దించండి."

"అమ్మాయ్" అని వాళ్ల అత్తగారు ఏదో అనబోయింది.

"ఉప్పు పడితే ఇంకెప్పుడూ అడగను అత్తయ్యా. ఈ ఇంట్లో మాటే ఇది, ఒక్క బోరని. ఆ ఒక్కటీ సగంలో పీకనివ్వను."

బావ తల ఊపాడు. జల్లెడగొట్టాన్ని గులకల లోతుకి దించారు. బయటి గొట్టం పైకి లాగి, నల్లబురద ఉన్న చోట చుట్టూ బంకమట్టి ఉండలు దట్టించారు, పైనున్న ఉప్పు కిందికి జారకుండా. చేతిపంపు బిగించేసరికి పొద్దు వాలింది. మొదట బురదే వచ్చింది. కొట్టగా కొట్టగా తేటపడ్డ నీళ్లు బావ దోసిట పట్టుకుని నోట్లో పోసుకున్నాడు. పక్కకి తిరిగి ఉమ్మేశాడు.

"ఉప్పు" అన్నాడు.

అక్క వైపు చూడటానికి భయమేసింది. బుర్ర పనిచెయ్యడానికి కొంచెం సేపు పట్టింది. బోరులో పోస్తూ వచ్చిన నీళ్లు ఎక్కడివని మేస్త్రిని అడిగాను. పక్కనున్న మురుగుకాలవ నుంచి తోడి పోశామన్నాడు. ఆ మురుగుకాలవ సముద్రంలో కలుస్తుంది, పోటుకి ఉప్పునీళ్లు దానిలోకి ఎక్కి వస్తాయి. లోపల పోసిందే ముందు బయటికొస్తుంది. ఇంకా కొట్టాలి, అన్నాను. ఎవరూ ముందుకు రాలేదు. పాలేరు వచ్చి పంపు పట్టుకున్నాడు, ఆ తర్వాత బావ. నేనూ కొట్టాను, అరచేతులు బొబ్బలెక్కేదాకా. అక్కని పట్టుకోనివ్వలేదు. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు.

తెల్లవారి అందరికంటే ముందు అక్క లేచింది. నేను వెళ్లేసరికి చెంబు నింపుకుని, తాగకుండా పట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూశాక ఎత్తి తాగింది. ఆపకుండా తాగింది. చెంబు నాకిచ్చింది. నేనూ తాగాను. కృష్ణ వరద తేరాక ఎలా ఉంటుందో అలా ఉన్నాయి నీళ్లు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. నా చదువు, నా ఎండ, నన్ను చూసి నవ్విన వీధి, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చి ఎగిరి గంతెయ్యాలనిపించింది.

"ఎన్నాళ్ల నించి ఉన్నయ్యే ఈ నీళ్లు ఇక్కడ?" అని అడిగింది అక్క.

పాఠం చెప్పే నోరు కదా, ఆగలేదు. "ఎన్నాళ్లేంటక్కా, వేల ఏళ్ల నుంచి! సముద్రం రాకముందు నది. ఎవరూ ముట్టుకోకుండా అలాగే మీ ఇంటి కింద ఉన్నాయి" అన్నాను గర్వంగా.

అక్క వసారా వైపు చూసింది. వాడి ఉయ్యాల అక్కడే కట్టేవాళ్లు.

"అయితే వాడున్నప్పుడు కూడా ఉన్నయ్యన్నమాట" అంది.

అని, పంపు పక్కన మట్టిలోనే కూర్చుని, వాడు పోయిన రోజున ఏడవని ఏడుపు అప్పుడు ఏడ్చింది. నేను ఆమె పక్కన కూర్చున్నాను.